అమ్మ బండికి నేను వేసిన అతుకులు

మా ఇంట్లో రెండు మిషన్లున్నాయి. ఒకటి బట్టలు కుట్టేది, రెండోది ఇనుము అతికేది. రెండోదాని సంగతి చెప్పినప్పుడల్లా జనం ముందు నా మొహం వైపు, తర్వాత నా చేతుల వైపు చూస్తారు. చూడనీ. ముంజేతి మీద నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు నాలుగున్నాయి. చేతికున్న గాజుల్లాగే అవీ నావే, దాచుకోను.

మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఒక పాళెం. ఇళ్ళకూ తారురోడ్డుకూ మధ్య సరుగుడు తోట, ఆ తోటలో అరకిలోమీటరు ఇసుక. వేటకు పోయేది మగవాళ్ళు, తెచ్చిన చేపను ఊళ్ళల్లో అమ్మేది ఆడవాళ్ళు. నేను మాత్రం ఎప్పుడూ గంప ఎత్తలేదు. మా అమ్మ ఎత్తనివ్వలేదు. పదో తరగతి కాగానే కావలిలో కుట్టు నేర్పించి, మిషన్ కొనిపెట్టి, "నీ మెడ వంగితే ఆ సూది కాడే వంగాల, బరువు కింద కాదు" అంది. అట్లా నేను రవికలు కుట్టే టైలర్నయ్యాను. మంచి టైలర్నే అయ్యాను. పెళ్ళి రవికల కోసం మూడు మండలాల నుంచి వస్తారు. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

అమ్మ మాత్రం నాన్న పోయాక కూడా గంప మోస్తూనే ఉంది. తలమీద చుట్టకుదురు, దానిమీద ఐసు, చేపలు నింపిన గంప. ఇసుక దాటి, రోడ్డెక్కి పోయేది. పడమటి వైపు వరి పండించే ఊళ్ళల్లో వాడుకగా చేపలు పోసే ఇళ్ళు ఆమెకు ముప్పై దాకా ఉన్నాయి. ఎవరింట్లో ముల్లు తక్కువ చేప కావాలో, ఎవరు వంజరం తప్ప ముట్టరో, ఏ ఇంటి కోడలు నెలతప్పిందో, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఒక వేసవిలో ఆమె కుడిచేయి మొద్దుబారడం మొదలైంది. చేపను కోస్తుంటే కత్తి జారిపోయేది. కావలి డాక్టరు ఎక్స్‌రే తీయించి, మెడ ఎముకలు అరిగిపోయాయనీ, ఇంక తలమీద ఒక్క కేజీ పెట్టినా ఆ చేయి పూర్తిగా పడిపోతుందనీ చెప్పాడు. నాకు, నిజం చెప్పాలంటే, లోపల సంతోషమే కలిగింది. ఇన్నాళ్ళకు ఆమెను కూర్చోబెట్టే సాకు దొరికింది. ఆ మాటే అన్నాను. అమ్మ నావైపు తిరగను కూడా తిరగలేదు.

"ఇప్పుడు వేట లేదు గాబట్టి కూర్చుంటా" అంది. "బోట్లు మళ్ళా దిగిన రోజు నేను నా వాడుక ఇళ్ళ గడప ముందు లేకపోతే, ఆ మోటారు సైకిలోడు ఉంటాడు. వాడి చేపకు వాళ్ళు అలవాటు పడినారంటే, ఇంక నా గొంతు ఎవురికీ వినపడదు."

ఏటా వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం గనక బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ ముందు ఏడు నుంచే ఒకడు మోటారు సైకిలు వెనక ఐసు పెట్టె కట్టుకుని, హారన్ కొట్టుకుంటూ అమ్మ తిరిగే ఊళ్ళకే రావడం మొదలుపెట్టాడు. అంటే నాకున్న గడువు ఆ రెండు నెలలే. ఈలోగా అమ్మకు ఇసుకలో నడిచే బండి ఒకటి కావాలి. లేదంటే ఆమె ఇళ్ళు పోతాయి. లేదా ఆమె మొండితనం ఎరిగినదాన్ని గనక చెబుతున్నాను, మళ్ళీ గంపే ఎత్తుతుంది, చేయి పోతుంది.

రవిక కటింగుకు వాడే ఖాకీ కాగితం మీద బండి బొమ్మ గీసి, కొలతలు వేసి, రోడ్డు మీద గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే షాపుకు తీసుకెళ్ళాను. రెండు వెడల్పాటి చక్రాలు, మధ్యలో ఐసు పెట్టె, తోయడానికి అమ్మ ఛాతీ ఎత్తులో పిడి. షాపతను ఎల్లుండి రమ్మన్నాడు. ఎల్లుండి పోతే సోమవారం రమ్మన్నాడు. సోమవారం పోతే నా ఖాకీ కాగితం మీద టీ గ్లాసులు పెట్టి ఉన్నాయి.

"ఇసకలో బండేందక్కా? పెద్దామెని ఇంట్లో కూర్చోబెట్టుకోకుండా" అన్నాడు.

"నువ్వు చేయకపోతే నేనే చేసుకుంటా" అన్నాను.

అతను పక్కవాడి వైపు చూసి నవ్వాడు. "ఇది రవిక గాదక్కా, గుండీ ఊడితే మళ్ళా కుట్టుకునేదానికి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ గ్లాసులు పక్కన పెట్టి, కాగితం దులిపి మడిచి చంకలో పెట్టుకుని, అట్నుంచి అటే కావలి బస్సెక్కాను.

కావలిలో వెల్డింగ్ మిషన్లు అమ్మే షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి పాతకాలపుది. ఉప్పు బస్తా అంత ఉంటుంది, రోజంతా పనిచేసినా అలవదు, కానీ దానికి ఇంటి కరెంటు చాలదు, వేరే లైను కావాలి. రెండోది ఇన్వర్టరు రకం. అన్నం క్యారియరు పెట్టుకునే సంచి అంత ఉంటుంది, భుజానికి తగిలించుకుని పోవచ్చు, ఇంట్లో ఏసీకి వాడే ప్లగ్గు చాలు. నాకు రెండోదే కావాలని తెలిసిపోయింది. అందులో ఏది అనేదే ప్రశ్న.

సేల్స్ కుర్రాడు అన్నిటికంటే పెద్దది ముందుకు తోశాడు. "రెండొందల యాభై ఆంపులక్కా, దీంతో ఏదైనా అతుకుద్ది."

నేను చేతిసంచిలోంచి జానెడు పైపు ముక్క తీసి బల్ల మీద పెట్టాను. అమ్మ బండికి వాడబోయే చదరపు పైపు అది, గోడ మందం రెండు మిల్లీమీటర్లు. "దీనికి ఎంత కావాల?"

అతను తల గోక్కున్నాడు. సన్న వెల్డింగ్ రాడ్డు పెడితే ఎనభై, తొంభై ఆంపులు చాలునన్నాడు.

"మరి వాయిల్ రవికను దబ్బనంతో కుట్టమంటావా?" అన్నాను. షాపులో ఉన్న మేస్త్రీలు నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది. సాయంత్రాలు మా పాళెంలో ఫ్యాను మొహమాటానికి తిరుగుతుంది కదా, తక్కువ కరెంటులో పనిచేస్తుందా అని అడిగాను. వైరు పొడవెంత, ఎర్త్ క్లిప్పు రాగిదా ఇత్తడిదా, చెడిపోతే ఇక్కడే బాగుచేస్తారా, అన్నీ అడిగాను. చివరికి రెండొందల ఆంపులది ఎంచుకుని, కుట్టు మిషన్ కొనేటప్పుడు బోర్లించి కడుపు చూసినట్టే దాన్నీ తిప్పి చూశాను. వెనక ఒక రేకు మీద అంకెలేవో ఉన్నాయి. రెండు వందల ఆంపులకు ఎదురుగా 60% అని రాసి ఉంది.

"ఈ అరవై ఏంది?"

"అది కంపెనీ లెక్కలక్కా. మీకక్కర్లా."

నా తెలివికి నేనే మురిసిపోతూ ఉన్నానేమో, ఆ ఒక్కటీ వదిలేశాను. అన్నీ అడిగి, అడగాల్సింది అడగకుండా మిషన్ భుజాన వేసుకుని ఇంటికొచ్చాను.

మా ఆయన కృష్ణపట్నంలో కంపెనీ బస్సు నడుపుతాడు, ఆదివారాలు ఇంటికొస్తాడు. మిషన్ చూసి ముందు నోరు తెరిచాడు, తర్వాత మూసుకున్నాడు. నాతో వాదించి గెలిచిన చరిత్ర ఆయనకు లేదు. మరుసటి ఆదివారం మాత్రం ఎవరినో అడిగి నల్లద్దం ఉన్న ముఖకవచం, తోలు గ్లౌజులు తెచ్చి ఇచ్చాడు. "కళ్ళు జాగ్రత్త" అన్నాడు, అంతే.

ఫోనులో వీడియోలు చూస్తూ నేర్చుకున్నాను. మొదటి వారం అతుకు వేయబోయి పైపుకు చిల్లులు పెట్టాను. రెండో వారానికి చేయి కుదిరింది. ఎందుకు కుదరదు? ఇరవై ఏళ్ళుగా గీత తప్పకుండా కుట్టిన చేయి అది. రాడ్డు కొనను ఒకే ఎత్తులో, ఒకే వేగంతో జరపడమే విద్య. ముందు అక్కడక్కడా చుక్కలు పెట్టి ముక్కలు నిలబెట్టాలి, కొలత సరిచూసుకుని తర్వాత నిండుగా నింపాలి. మేము కచ్చాకుట్టు వేసి ఆ తర్వాత మిషన్ కుట్టు వేయడం లేదూ, ఇదీ అంతే. మొదటిసారి వంకర లేని అతుకు పడ్డప్పుడు దాన్ని సుత్తితో కొట్టి, కొట్టి, ఊడకపోతే పక్కింటామెను పిలిచి చూపించాను.

ఇక మా పాళెంలో ఉప్పుగాలి తినని వస్తువు లేదు. తాళం కప్ప మూడు నెలలకు తెరుచుకోదు. అందుకే అన్నిటినీ కప్పి ఉంచడం మా అలవాటు. టీవీకి ముసుగు, మిక్సీకి ముసుగు, కుట్టు మిషన్‌కు రెండు ముసుగులు. కొత్త వెల్డింగ్ మిషన్‌ను ఉత్తగా వదిలేస్తానా? నీలం రెక్సిన్‌తో దానికి కొలతలు తీసి జాకెట్ కుట్టాను. అంచుకు ఎర్ర పైపింగ్. ముందు మీటకు గుండ్రటి కన్నం, వైర్లకు రెండు కాజాలు, రాడ్లు పెట్టుకోను పక్కన జేబు. ఎక్కడా వేలు దూరే సందు లేదు. పాళెంలో ఆడవాళ్ళు వచ్చి చూసి పోయారు. అతుకుల కంటే ఆ జాకెట్‌కే ఎక్కువ పేరొచ్చింది.

అసలు బండి పని మొదలుపెట్టిన రోజు, ఇంటి ముందు పందిట్లో, మూడో రాడ్డు సగంలో ఉండగా మిషన్ మీద పసుపు లైటు వెలిగింది. మంట ఆగిపోయింది. వేడెక్కిందేమో అనుకుని స్విచ్ ఆపేశాను. పావుగంట ఆగి మళ్ళీ పెడితే ఒక రాడ్డు కూడా కాకముందే మళ్ళీ పసుపు లైటు. మళ్ళీ ఆపాను. అట్లా మధ్యాహ్నం దాకా దానికీ నాకూ పంతం నడిచింది.

అమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "ఒళ్ళు కాలతా ఉండాది దానికి. తడి గోతం కప్పవే" అంది.

మాకు వేడికి తెలిసిన మందు అదొక్కటే. చేపల మీద తడి గోనెపట్టా, ఐసు చుట్టూ తడి గోనెపట్టా. అది కప్పితే ఎండలో పది కిలోమీటర్లు నడిచినా చేప కన్ను మసకబారదు. నాకూ సబబుగానే తోచింది. గోతం తడిపి, పిండి, జాకెట్ మీద చక్కగా కప్పి స్విచ్ వేశాను. రెండు నిమిషాలు. లోపల ఏదో టప్‌మంది. ఈసారి పసుపు లైటు కూడా వెలగలేదు.

బోట్లు దిగడానికి అప్పటికి పద్దెనిమిది రోజులుంది. అమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళి, అటక మీద నుంచి గంప దించి, వాకిట్లో కూర్చుని దాని అల్లిక సందుల్లో ఎండిన పొలుసులు గీకడం మొదలుపెట్టింది. కుడిచేత్తో పట్టు చిక్కక ఎడంచేత్తో గీకుతోంది.

పొద్దున్నే మిషన్‌ను తీసుకుని కావలి షాపుకు పోయాను. సేల్స్ కుర్రాడు చేతికి దొరికాడు గానీ, వాడితో నా యుద్ధం మొదలయ్యేలోపే వెనక గదిలోంచి రిపేర్లు చేసే పెద్దాయన బయటికొచ్చాడు. మిషన్‌ను బల్ల మీద పెట్టించి, జాకెట్ విప్పి, రెండు చేతులతో పైకెత్తి చూశాడు.

"దీనికి రవిక ఎవురు కుట్టినారమ్మా?"

"నేనే."

"కుట్టు బలే ఉండాది. పైపింగు ఎంత తీరుగా ఏసినావు!" అని, మిషన్ పక్కల ఉన్న చీలికలు చూపించాడు. "ఇయ్యి దీని ముక్కు రంధ్రాలు. లోపల ఫ్యాను ఈటిలోనించే గాలి పీలస్తాది. నువ్వు ముక్కు మూసి, మూతి మూసి, పైన తడిగుడ్డ కూడా ఏసినావు."

షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు మండిపోయాయి. ఆయన మూత విప్పితే లోపల తడి, ఆ తడి మీద తెల్లగా ఉప్పు. బోర్డు కాలలేదనీ, చిన్న ముక్క ఒకటి మార్చి ఆరబెడితే చాలుననీ చెప్పాడు. తర్వాత వెనక రేకు మీద 60% ను గోటితో చూపించాడు.

"దీనర్థం చెప్తా ఇను. పది నిమిషాలు తీసుకుంటే, నిండు కరెంటు మీద ఆరు నిమిషాలు ఇది పనిచేస్తాది, నాలుగు నిమిషాలు అలుపు తీర్చుకుంటాది. కరెంటు తగ్గిస్తే ఎక్కువసేపు పనిచేస్తాది. మన ఎండల్లో పెడితే దానికి ఇంకాస్త అలుపు. నువ్వు ఎంతలో పెట్టినావు?"

నూట యాభైలో పెట్టాను. ఎక్కువ పెడితే తొందరగా అయిపోతుందని.

"అదీ సంగతి. ఇంకోటి, పసుపు లైటు ఎలిగినాక స్విచ్ ఆపబాక. ఆపితే ఫ్యాను కూడా ఆగి, వేడంతా లోపలే కూర్చుంటాది. మిషన్ని అట్టనే వదిలేస్తే అదే చల్లబడి, అదే లైటు ఆర్పుకుంటాది."

నేను సేల్స్ కుర్రాడి వైపు తిరిగాను. "ఇదేనా నాకక్కర్లేదన్న లెక్క?" అన్నాను. ఆ తర్వాత ఇంకా కొన్ని అన్నాను, అవి ఇక్కడ రాయను. అతను ఇచ్చిన కూల్ డ్రింకు మాత్రం తాగాను.

మూడు రోజులకు మిషన్ బాగుపడి వచ్చింది. ఈసారి జాకెట్ లేదు, పని అయ్యాక మాత్రం తొడుగుతాను. తొంభైలో పెట్టాను. పందిరి నీడలో, గాలి తగిలే చోట, ఇసుక ఎగరకుండా చెక్కపలక మీద పెట్టాను. లెక్క తెలిసింది కదా, ఇక నిశ్చింత అనుకున్నాను. కానీ మా ఎండకు తొంభైలో కూడా అది అప్పుడప్పుడూ ఆగేది. ఆగినప్పుడల్లా నేను దాని ముందు మొహం మీది ముసుగు ఎత్తుకుని కూర్చుని, పసుపు లైటును కళ్ళతోనే కాల్చేసేదాన్ని. రోజులు తరుగుతున్నాయి. అమ్మ గంప వాకిట్లో ఆరుతోంది.

రెండో రోజు అమ్మ ఉండబట్టలేక అడిగింది. "అది అలిసిపోతే నువ్వెందుకే కూర్చునుండావు?"

"మరేం చేయమంటావు?"

"పెద్ద వల లాగేటప్పుడు చూళ్ళేదా?"

చూడకేం. ఒడ్డు మీద నిలబడి లాగే పెద్ద వలకు ఇరవైమంది తాడు పట్టుకుంటారు. నీళ్ళ దగ్గర తాడు అందుకున్న మనిషి వెనక్కి లాగుతూ, లాగుతూ దిబ్బ దాకా వస్తాడు. అక్కడ తాడు వదిలేసి, చేతులూపుకుంటూ నడిచి మళ్ళీ నీళ్ళ దగ్గరికి పోయి ముందు చివర అందుకుంటాడు. ఆ నడకే అతనికి విశ్రాంతి. వల మాత్రం ఒక్క క్షణం ఆగదు, ఆగితే చేప జారిపోతుంది.

"అది నడిచి రానీ. ఆలోపల నువ్వు లాగు" అంది అమ్మ.

ఆ మాటతో నా పని తీరే మారిపోయింది. మిషన్ ఊపిరి పీల్చుకుంటుంటే నేను తర్వాతి పైపు కోసేదాన్ని, అంచులు ఆకురాయితో రాకేదాన్ని, వేసిన అతుకు మీద పెచ్చు కట్టిన నల్లటి మడ్డిని సుత్తితో రాల్చేదాన్ని, మూలమట్టం పెట్టి చూసేదాన్ని. ఒకే చోట నింపకుండా ఈ మూల ఒక అతుకు, ఆ మూల ఒక అతుకు వేస్తూ తిరిగేసరికి పైపులు వేడికి వంకర పోవడం కూడా తగ్గింది. అమ్మ గుమ్మంలో కూర్చుని లైటు చూసేది. "ఎలిగింది" అనేది. కాసేపాగి "ఆరింది, రా" అనేది. రెండు మూడు రోజులకు, లైటు వెలగకముందే ఫ్యాను చప్పుడు విని "ఇంక చాలు, ఆపు" అనేది. నూటికి తొంభై సార్లు ఆమె మాటే నిజమయ్యేది.

ఒక మధ్యాహ్నం ఆమె అట్లా "చాలు, ఆపు" అన్నప్పుడు నేను ముసుగెత్తి ఆమె వైపు చూశాను. పాత దిండు మెడ వెనక పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మా మిషన్ ఆరు నిమిషాలకే లైటు వేసి మొరపెట్టుకుంటుంది. ఈమె మెడకు ఏ లైటూ లేదు. ఉన్నా మేము చూసి ఉండేవాళ్ళం కాదు, ఎందుకంటే సాయంత్రం అన్నం వండేదీ ఆమే. నాకు ఏడుపొచ్చింది. ముసుగు దించుకున్నాను, అది అందుకు కూడా పనికొస్తుంది.

బోట్లు దిగడానికి మూడు రోజుల ముందు బండి పూర్తయింది. పాత ఆటో చక్రాలకు గాలి సగం దింపి బిగించాను, ఇసుకలో దిగబడకుండా. తుప్పు పట్టకుండా ఎర్ర పూత, దాని మీద పక్కింటివాళ్ళ బోటుకు వేయగా మిగిలిన నీలం, పసుపు రంగులు. మా ఆయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, "షాపులో కొన్నట్టుంది" అన్నాడు. "షాపువాడికి ఇది చేతకాదు" అన్నాను.

మొదటి రోజు తెల్లవారుతుండగా బోట్లు వచ్చాయి. అమ్మ బేరమాడి చందువాలు, కానాగంతలు, ఒక పెద్ద వంజరం పెట్టెలో వేసుకుంది. ఐసు పోసింది. పిడి మీద రెండు అరచేతులూ ఆనించి తోసింది. బండి కదిలింది. సరుగుడు తోట ఇసుకలో మా అమ్మ, తలమీద ఏమీ లేకుండా, నిటారుగా నడిచి వెళ్ళింది. గంపలెత్తుకున్న ఆడవాళ్ళు ఆగి చూశారు. నాకు ఆ పూట గర్వంతో కాళ్ళు నేల మీద ఆనలేదు. కుట్టాల్సిన రవికకు చేతులు తిరగేసి అతికించాను.

ఆమె మధ్యాహ్నం తిరిగొచ్చింది. పెట్టె ఖాళీ. కానీ పిడి ఒకవైపు వేలాడుతోంది, దాన్ని నైలాను తాడుతో బండికి బిగించి కట్టి ఉంది. రోడ్డు ఎక్కే ఏటవాలు దగ్గర విరిగిందట. దారిలో పడి ఉన్న తాడు ముక్క ఏరి, వల ముడి వేసి కట్టుకుని, ఒక్క ఇల్లు వదలకుండా తిరిగి వచ్చింది.

నేను వంగి చూశాను. పిడి కింద, కంటికి ఆనని చోట, చుక్క అతుకు మాత్రమే ఉంది. ఆ రోజు అక్కడికొచ్చేసరికి మిషన్ ఆగి ఉంటుంది, నేను ఇంకో మూలకు పోయి ఉంటాను, తిరిగి రావడం మరిచి పైన రంగేశాను. కచ్చాకుట్టు మీద ఇస్త్రీ చేసి రవిక ఇచ్చేశానన్నమాట. నా బతుకులో ఏ కస్టమరుకూ చేయని పని మా అమ్మకు చేశాను. అరుగు మీద కూలబడ్డాను.

అమ్మ కాళ్ళు కడుక్కుంటూ నావైపు చూసింది. "ఏందే ఆ మొహం? పొద్దున్నే నాలుగున్నరకు బండి కావాల. రేపు ఇంకో రొండు ఇళ్ళు కొత్తగా పోయమన్నారు. వాళ్ళకు వంజరం ఎక్కువ తీసుకోవాల" అంది.

ఓదార్పు లేదు, తిట్టు లేదు. షాపులో మేస్త్రీకి చెప్పినట్టు చెప్పింది. అన్నం తిని, చాప పరుచుకుని పడుకుంది.

మా అమ్మ సంగతి మీకు తెలియదు. నేను పులుసులో ఉప్పు వేస్తుంటే ఇప్పటికీ పక్కన నిలబడి చూస్తుంది. నా కూతురికి నేను జడ వేస్తే విప్పి మళ్ళీ వేస్తుంది. ఎవరి చేతి పనినీ నమ్మి పక్కకు తిరిగిన మనిషి కాదు. ఆ మధ్యాహ్నం నేను పిడి విప్పి, రంగు గీకి, నాలుగు వైపులా నిండుగా అతుకు వేస్తుంటే, మిషన్ రెండుసార్లు ఆగి రెండుసార్లు మొదలైతే, సుత్తి దెబ్బలకు వీధి కుక్కలు లేచి పోతే, ఆమె గోడ వైపు తిరిగి గురక పెట్టి నిద్రపోయింది.

తెల్లవారుజామున బండి దగ్గరికొచ్చి, నిన్నటికంటే ఎక్కువ చేప వేసుకుంది. ఐసు పోసి, మూత బిగించి, పిడి పట్టుకుని తోసుకుంటూ పోయింది. అతుకు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.